ఉన్నది ఉన్నట్టు చెప్పమన్న మనిషి

నేను పంతులుగా ఉన్న బళ్ళో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోతుండగా మా అమ్మ ఫోను చేసింది.

"ఆయమ్మ పాయ నాయనా," అంది.

ఎవరని నేను అడగలేదు. మా అమ్మ నోట ఆ మాట వస్తే ఒకరి గురించే. మా సందు ఉన్నన్నాళ్ళూ ఆమెను అమ్మ "అక్క" అనే పిలిచేది. ఇళ్ళు పోయాక ఆ పిలుపు పోయి "ఆయమ్మ" మిగిలింది.

సెలవు చీటీ రాసిచ్చి, కడప బస్టాండుకు పోయి కర్నూలు బస్సెక్కాను. మైదుకూరు, ఆళ్ళగడ్డ దాటినా నిద్ర రాలేదు. ఎంతసేపూ ఆమె ఒకే తీరున కళ్ళముందు కనిపిస్తూ వచ్చింది. ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని, కుడిచేతి వేలి గణుపులతో ఎవరి తలుపో కొడుతూ.

మూసిన తలుపు ముందునుంచి ఊరికే పోవడం ఆమెకు చేతనయ్యేది కాదు. పని ఉన్నా లేకున్నా టకటకా కొట్టి, "ఉండారా?" అనేది. లోపలినుంచి "ఉండాం అక్కా" అని వినబడితే చాలు, ఆగేది కాదు, ముందుకు పోయేది. వినబడకపోతే మాత్రం అక్కడే నిలబడేది. మా సందులో ఒంటరిగా ఉండే ఒక ముసలాయన స్నానాల గదిలో జారిపడితే బయటికి తీసింది ఆ అలవాటే. తుంగభద్ర ఊళ్ళోకొచ్చిన ఆ పెద్ద వరదప్పుడు నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చేవరకూ ఆమె ఇంటింటి తలుపూ కొడుతూనే ఉందట. అందరూ మిద్దెలెక్కారని తెలిసిన తర్వాతే తనూ ఎక్కింది. అందుకే ఆమె తలుపు కొడితే ఏంటికని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తీసేవాళ్ళు.

మాది గచ్చుబావి సందు. కర్నూలు పాతబస్తీలో, బురుజుకూ నదికీ నడుమ. ఆటో లోపలికి వస్తే మనుషులు గోడకు అతుక్కోవాలి, అంత ఇరుకు. రాతిగోడలు, పైన దూలాలు వేసి చౌడుమన్ను పరిచిన పాత మిద్దెలు. సందు మొదట్లో ఆమె ఇల్లు, ఇంటిముందు బండ అరుగు, అరుగు మీద పొయ్యి. పొద్దున్నే బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తాలింపులో వేసి, పప్పులపొడి చల్లి ఉగ్గాని చేసేది. పక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు వేగుతుండేవి. ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూసేది కాదు. గంటె ముక్కు దగ్గర పెట్టుకుని, "సాల్లేదు" అనేది. మేము నవ్వేవాళ్ళం. వాసనకు ఉప్పెలా తెలుస్తుందని అడిగితే, "నీకు తెలీదు, నాకు తెలుస్తాది, అంతే" అని కసిరేది.

"నాది" అన్న మాట ఆమె నోట విన్న గుర్తు లేదు. మన అరుగు, మన కాలువ, మన కరెంటు, మన ఖాసింబీ. ఖాసింబీ ఆ అరుగుకు ఎదురింటామె. భర్త పుస్తకాలకు అట్టలు కుట్టే పని చేసేవాడు, తర్వాత పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. పొద్దున ఉగ్గాని పొయ్యి మీదినుంచి దిగగానే మొదటి ప్లేటు ఆ ఇంటికే పోయేది. మధ్యాహ్నం పని అయిపోయాక ఇద్దరూ ఆ అరుగు మీదే కూర్చుని ఆకూవక్కా వేసుకునేవాళ్ళు. ఒకరి మాట ఒకరు వింటున్నట్టే ఉండేది కాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు, ఇద్దరికీ అన్నీ తెలిసేవి.

ప్రభుత్వ ప్రాజెక్టు వాళ్ళు మా సందుకు వచ్చింది కరోనా పోయిన తర్వాత. పాతబస్తీని కొత్త టెక్నాలజీతో బాగు చేస్తామన్నారు. ముందు ఒక డ్రోను వచ్చి మిద్దెల మీద తిరిగిపోయింది. ఆ తర్వాత ట్యాబు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. స్రవంతి అని పేరు. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయేమో. ఎండకు ముఖం కందిపోయి, ఉగ్గాని అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

ఆ శనివారం నేను కడపనుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయి చెబుతున్నది విన్నాను. ఇళ్ళ గురించి ఆఫీసులో కూర్చుని నిర్ణయాలు తీసుకోరట. సందులో ఉండేవాళ్ళే తమ ఇంట్లో ఏముందో, ఏం పాడయిందో ఫోనులో ఫోటోలు తీసి పెట్టాలట. గోడల పగుళ్ళు, మిద్దె కారే చోట్లు, వరదనీళ్ళు ఎంత ఎత్తున నిలబడ్డాయన్నదీ. అవన్నీ కలిపి కంప్యూటరులో సందు మొత్తం బొమ్మ కడతారట. ఏ ఇంటికి ఏ మరమ్మతు కావాలో అది చూసి చేస్తారట, పాత పద్ధతిలోనే, రాయీ సున్నంతోనే.

"అంటే మా మాట అడుగుతారా?" అందామె.

"మీ మాటే మొదట అమ్మా. అందుకే వచ్చాను."

"ఇంతకాలం ఎవురూ అడగలే."

అమ్మాయి ఆమెనే మా సందు ప్రతినిధిగా పెట్టింది. ట్యాబు మొదటిసారి చేతికిచ్చినప్పుడు, తడి చేతులు చీరకు రెండు పక్కలా తుడుచుకుని, అరచేతిలో కంచంలాగా అడ్డంగా పట్టుకుందామె. చనిపోయిన మొగుడి కళ్ళజోడు ఒకటి ఉండేది, దాని కాడ విరిగితే దారం కట్టింది. అది పెట్టుకుని గడ్డం పైకెత్తి చూసేది. చదువు అంతంతమాత్రమే అయినా, వారం తిరిగేసరికి ఫోటో తీయడం, తీసిందాన్ని ఇంటి నంబరు కింద చేర్చడం నేర్చేసుకుంది. ఫోటో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. తీశాక "హమ్మా" అని వదిలేది.

ఒక సాయంత్రం సందు మొగలో షామియానా వేసి మీటింగు పెట్టారు. కళ్ళకు కట్టుకునే నల్లటి అద్దాలపెట్టె ఒకటి తెచ్చారు. అది పెట్టుకుంటే, బాగుచేసిన తర్వాత మా సందు ఎలా ఉంటుందో ఎదురుగా ఉన్నట్టే కనబడుతుందట. ఎవరూ ముందుకు రాకపోతే ఆమే కట్టుకుంది. మెల్లగా తల తిప్పుతూ, చేతులు చాచి గాల్లో గోడలు తడుముతూ చూసింది. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"బాగుండాది. రాళ్ళు కడిగినట్టు ఉండాయి," అంది. తర్వాత, "మనుషులు యాడప్పా?" అనడిగింది.

"ఉన్నారు కదమ్మా, నడుస్తున్నారు."

"వీళ్ళు ఎవురో టోపీలు పెట్టుకున్నోళ్ళు. మా వాళ్ళు యాడ? ఖాసింబీ వాకిట్లో కూసోని ఉంటాది ఈపాటికి. ఆమె లేదే."

ప్రాజెక్టు వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని, పెడతామన్నారు. నిజంగానే పెట్టారు. తర్వాతి మీటింగులో ఒక అరుగూ, అరుగు మీద చీర కట్టుకున్న మనిషీ, ఆమె పక్కన ముసుగేసుకున్న ఇంకొకామే కనబడ్డారు. ముఖాలు లేవు కానీ మనుషులే. ఆ రోజు ఆమె ఆనందం చూడాలి. సందులో ఎవరు కనబడినా ఆపి, "మమ్మల్ని పెట్టినారు, పోయి చూసి రాపో" అని తోలింది.

అప్పటిదాకా ఊగిసలాడిన మా అమ్మ కూడా ఆ తర్వాతే మెత్తబడింది.

అయినా జనం ఉన్నది బయటపెట్టడానికి జంకారు. ఇంట్లో చిల్లు ఉందని నలుగురికీ తెలిస్తే పరువు తక్కువని కొందరు, చెబితే ఏం మెలిక పెడతారోనని కొందరు. ఆమె స్రవంతిని వెంటబెట్టుకుని గడప గడపా తిరిగింది.

"డాక్టరు కాడికి పోయి నొప్పి లేదంటే యాడ మందు ఇస్తాడప్పా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన ఇండ్లే కదా," అనేది.

తన ఇంటి ఫోటోలే మొదట పెట్టింది. వంటింటి దూలం పుచ్చిపోయిన చోట, వేలు లోపలికి పోయేటట్టు ఉంటే, వేలు పెట్టి మరీ ఫోటో తీయించుకుంది. మా ఇంట్లో దేవుడిగూటి వెనక చెమ్మ ఊరే గోడను ఆమే కనిపెట్టింది.

ఖాసింబీ మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ నడిమింట్లో, మంచం తలవైపు గోడకు పైనుంచి కిందిదాకా పగులు. దాని మీద పెద్ద మక్కా క్యాలెండరు, దాని కింద ఇంకో పాత క్యాలెండరు వేలాడదీసి ఉంచింది. నేను వాకిట్లో ఉండి విన్నాను.

"వద్దక్కా. ఆయప్ప మంచం మీద ఉండాడు. ఎవురన్నా వచ్చి గోడ తవ్వుతామంటే నేను ఈయప్పను యాడికి తీసకపోదు?"

"తవ్వరు మేయ్. సున్నం కూరుతారు. రేపు గోడ ఆయప్ప మీదనే పడితే ఏం చేస్తావు? తియ్యి."

"నాకెందుకో భయమైతాది."

"నేను ఉండా కదా."

ఖాసింబీ క్యాలెండర్లు తీసి మంచం మీద పెట్టింది. స్రవంతి ఫోటో తీసింది. పగులు ఎంత వెడల్పుందో చూపడానికి ఆమె తన అరచెయ్యి గోడకు ఆనించి నిలబడింది.

సందు చివర మేడ ఇంటాయన ఒక్కడే వాళ్ళను లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గరే నిలబడి, "మా ఇంట్లో అంతా బాగుంది, అట్లనే రాసుకోండి" అన్నాడు.

"నీ వెనక గోడ ఉబ్బింది కదప్పా, మన కాలువకాణ్ణుంచి చూస్తే కనబడతాది," అందామె.

"అది నేను చూసుకుంటాలే. నువ్వు బజ్జీలు చూసుకోపో."

ఆమె ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. దారిలో స్రవంతితో, "పాపం, ఆయప్ప ఇల్లు బాగుపడదు" అని మాత్రం అంది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పాతబస్తీలో ఇంకెక్కడో ఒక పాత గోడ పడి, కింద నిద్రపోతున్న తల్లీబిడ్డలు చనిపోయారు. పేపర్లలో, టీవీల్లో అదే. ఆ వారంలోనే మా సందుకు ఇళ్ళు ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. కంప్యూటరులో కట్టిన బొమ్మలో ఇళ్ళకు రంగులు వేశారట. పచ్చరంగంటే బాగున్నవి, ఎర్రరంగంటే మనుషులు ఉండకూడనివి. పగుళ్ళు, కారుడు, వరద మరకలు, అన్నీ నిజాయితీగా పెట్టిన ఇళ్ళు ఎర్రగా వచ్చాయి. అంటే మా సందు దాదాపు మొత్తం. మేడ ఒకటి పచ్చగా ఉంది.

స్రవంతికి ఆమె ఫోను చేస్తే, ఆ అమ్మాయి తనను వేరే ఊరికి మార్చారని చెప్పి ఏడ్చింది. "ఇట్లా అవుతుందని నాకూ తెలియదమ్మా" అంది. ఆమె ఫోనులో ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడేది. ఆ రోజు మాత్రం చిన్న గొంతుతో, "ఏడవొద్దులే బిడ్డా" అని పెట్టేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "సదువుకున్నోడివి, తోడు రా నాయనా, ఆఫీసుకు పోయొస్తాం" అంది.

ఆఫీసు కొత్తబస్తీలో, అద్దాల భవనం. గోడంతా మా సందు బొమ్మ అంటించి ఉంది. కడిగినట్టున్న రాళ్ళు, టోపీల మనుషులు, అరుగు మీద చీర కట్టుకున్న మనిషి, పక్కన ముసుగామె. ఆమె దాని దగ్గరికి పోయి వేలితో ముట్టుకుంది.

"సార్, ఇది నేనే కదా?"

అధికారి చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. "అది నమూనా అమ్మా. ఎట్లా ఉంటుందో ఊహించి వేసిన బొమ్మ," అన్నాడు.

"మేము ఈడనే ఉంటామని కదా వేసినారు?"

"ఇల్లు పడిపోయేటట్టుంటే ఎట్లా ఉంటారమ్మా? ఇది మేము చెప్పింది కాదు. మీ సందువాళ్ళే చెప్పారు. ఈ ఫోటోలు మీరు పెట్టినవే." స్క్రీను ఆమెవైపు తిప్పాడు. ఖాసింబీ ఇంటి గోడ, పగులు, పక్కన ఆమె అరచెయ్యి.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది.

"బాగు చేస్తారని చెప్తిమి సార్. పడగొట్టమని చెప్పలే."

"ప్రమాదమని తెలిసి కూడా మేము ఊరుకుంటే, రేపు నలుగురు పోతే జవాబు ఎవరు చెప్పాలమ్మా? తెలియకపోతే వేరే సంగతి. ఇప్పుడు తెలిసిపోయింది కదా."

 మేడ సంగతి నేను ఎత్తాను. ఆయన స్క్రీను చూసి, అందులో లోపాలేమీ నమోదు కాలేదన్నాడు. నేను ఆమెవైపు చూశాను, వెనక గోడ గురించి చెబుతుందని. ఆమె కొంగు సర్దుకుని లేచింది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తే ఆ ఇల్లు గూడా పోతాది. మనది వస్తాదా?" అంది.

కోర్టుకు పోదామని కొందరు, ధర్నా చేద్దామని కొందరు అన్నారు. వానలు ఆగలేదు. పోలీసులు వచ్చి నిలబడ్డారు. మాకు ఊరి బయట, హైవే అవతల, మూడంతస్తుల కాలనీలో ఒక్కొక్క గది చూపించారు. సందు ఖాళీ చేసిన పొద్దున సామాన్లు లారీలకెక్కుతుంటే ఆమె ఇంటింటికీ పోయి నిలబడింది. తలుపులు అప్పటికే పీకేశారు, కొట్టడానికేమీ లేవు. గడప బయట నిలబడి, "నేనే చెప్పమంటిని. నన్ను అనండి" అనేది. కొందరు అన్నారు. నోటికొచ్చినట్టు అన్నారు. మా అమ్మ ముఖం తిప్పుకుని బిందెలో చెంచాలు సర్దుకుంది.

ఖాసింబీ భర్తను మంచంతో సహా మోసుకొచ్చి లారీలో పెట్టారు. వాన తుంపర పడుతోంది. ఆమె పరుగెత్తుకుపోయి తన గొడుగు ఆయన మీద పట్టబోయింది. ఖాసింబీ ఆ గొడుగు లాగి కాలువలో పడేసింది.

"ముట్టొద్దు! నా గోడ నువ్వే తెరిపిచ్చినావు. క్యాలెండరు కింద దాని మటుక్కు అది ఉండె. నువ్వే చెయ్యి పెట్టి చూపిస్తివి. మా ఇల్లు కూల్చినదానివి నువ్వు, వాళ్ళు కాదు. నీ ముఖం నాకు చూపించొద్దు."

 నేను లేకపోతే వరదలో పోయేవాళ్ళు కదా అని ఆమె అనలేదు, నా ఇల్లు కూడా పోయింది కదా అనలేదు. తడిసిన జుట్టుతో నిలబడి విన్నది. ఖాసింబీ భర్తకు కాలనీలో మూడో అంతస్తు గదికి మెట్లెక్కించే లోపే ఆయాసం ఎక్కువై, ఆ నెల గడవక ముందే ఆయన కన్నుమూశాడు. అప్పుడు కూడా ఆమె మెట్ల కింద కూర్చుని ఉండగా, ఖాసింబీ పైనుంచి అదే మాట అంది. తర్వాత ఖాసింబీ ఆ కాలనీలో ఉండలేక, పాతబస్తీలోనే నది దగ్గర కూతురి ఇంటికి పోయింది.

కాలనీలో ఆమె పొయ్యి వెలిగించింది కానీ ఎవరూ ప్లేటు పట్టుకోలేదు. మా సందువాళ్ళు ఆమె ముందునుంచే పోయి రోడ్డు మీది బండిలో ఇడ్లీ తిని వచ్చేవాళ్ళు. చల్లారిన ఉగ్గానిని కాలనీ వెనక గుట్ట దగ్గర కుక్కలకు పెట్టడం నేనే చూశాను. కొన్నాళ్ళకు బాణలి కడిగి అటక మీద పెట్టేసింది. కొడుకు బళ్ళారి వైపు లారీ తోలేవాడు, వచ్చినప్పుడు సరుకులు పోసి పోయేవాడు.

వరండాలో నడిచేటప్పుడు రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, గోడవైపు చూస్తూ పోయేది. అటూ ఇటూ వరుసగా మూసిన ఇనుప తలుపులు. ఒక్కటీ కొట్టేది కాదు. మా అమ్మ గదిముందు ఒక్క అర నిమిషం అడుగు నెమ్మదించేది. లోపల కూర్చున్న నాకు ఆ చెప్పుల చప్పుడు తెలిసేది. అమ్మకూ తెలిసేది. అమ్మ టీవీ గొంతు పెంచేది.

ఒక ఆదివారం ట్యాబులు పట్టుకుని కాలనీలోకి కొత్తవాళ్ళు వచ్చారు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ. కాలనీలో సమస్యలేమున్నాయో నివాసులే చెప్పాలట, ఫోటోలు పెట్టాలట. నేను పనిచేసే ఊరి కొలిమి దగ్గర ఆమెకోసం చేయించిన కత్తిపీట ఇవ్వడానికి పోయి, గది లోపల కూర్చుని ఉన్నాను. పై అంతస్తు స్నానాల గది నీళ్ళు ఆమె గది కప్పులోంచి కారి, నడిమధ్యన పెట్టిన బకెట్లో టపటపా పడుతున్నాయి. గోడమీద పాకిన చెమ్మ ఆకుపచ్చగా మారింది. ఆమె తలుపు సగం తీసి, ఆ సందులో అడ్డంగా నిలబడింది.

"ఏమన్నా సమస్యలున్నాయా అమ్మా?"

"ఏం లేవు. బాగుండాది."

"కారడం, పగుళ్ళు, అట్లాంటివి?"

"లేవప్పా. శానా బాగా కట్టినారు."

ఆ అమ్మాయి చెవి రిక్కించింది. "అమ్మా, లోపల నీళ్ళ చప్పుడు?"

"స్నానానికి నేనే పట్టుకుంటాండా," అని, తలుపు మూసి గడియ పెట్టింది.

కాసేపు వీపు తలుపుకు ఆనించి అలాగే నిలబడింది. అంత తెలిసిన మనిషి, అబద్ధం చెప్పడం మాత్రం తెలియని మనిషి. 

"అట్లా చెప్పినావేంటికి?" అన్నాను.

"ఈడ్నుంచి ఇంగ యాడికి పోవాల నాయనా?"

బకెట్ నిండింది. ఎత్తబోతే నేను లేచి ఎత్తాను.  నేను ఆమెను ప్రాణాలతో చూసింది అదే కడసారి. తర్వాత కొన్నాళ్ళకు ఒక రాత్రి అన్నం తింటూ గుండె పట్టుకుని కూలబడిందట. పెద్దాస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయిందట.

నేను కాలనీ చేరేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. కొడుకు తలదగ్గర కూర్చున్నాడు. మా సందువాళ్ళు వచ్చారు, కానీ దూరంగా గుంపుగా నిలబడ్డారు. చనిపోయిన మనిషి దగ్గర కూడా ఏమని ఏడవాలో తెలియనట్టుంది వాళ్ళకు. మా అమ్మ మాత్రం ముందుకొచ్చి, ఆమె జుట్టు దువ్వి ముడివేసింది. 

కొడుకు తండ్రిని కాల్చిన చోటే తల్లినీ కాలుస్తానన్నాడు. అది పాతబస్తీ అవతల, నది ఒడ్డున. శవాల బండి హైవే దాటి, బురుజు పక్కనుంచి తిరిగి, మా సందు మొగకు వచ్చి ఆగిపోయింది. అడ్డంగా ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. కాపలావాడు వచ్చి, లోపలికి బండ్లు పోనివ్వరని, నడిచేవాళ్ళకే దారి అని చెప్పాడు. చుట్టూ తిరిగి పోదామన్నారు ఎవరో. కొడుకు ఒప్పుకోలేదు.

"మా సందే కదా. మోసకపోతాం," అన్నాడు.

పాడె దించి భుజాలకెత్తుకున్నాం. కొడుకూ, నేనూ, మా సందువాళ్ళు ఇంకొందరు. ఇందాక దూరంగా నిలబడ్డవాళ్ళే అడక్కుండా వచ్చి వెదురు కింద భుజం పెట్టారు. సందు సందులా లేదు. రెండు పక్కలా ఇళ్ళు పోయి వెడల్పయింది. ఒకే కొలతలో కోసిన రాళ్ళు పరిచారు. ఏ ఇల్లు ఎక్కడుండేదో గుర్తు పట్టడానికి ఒక్క ఆనవాలూ లేదు. చివర మేడ మాత్రం సున్నం కొట్టుకుని, వరసగా దీపాలు పెట్టుకుని కాఫీ హోటలయింది. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి కప్పులు కింద పెట్టారు. ఒకతను ఫోను ఎత్తి, మళ్ళీ దించేశాడు.

శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడె కిందికి దించి, ప్రాణం ఏమైనా మిగిలుందేమోనని చెవిలో పిలుస్తారు. దింపుడు కళ్లం అంటారు. సందు అవతలి కొసకు వచ్చి దించాం. కొడుకు వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి "అమ్మా" అన్నాడు. ఆగాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి నోరు తెరిచి, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు గోడవారనుంచి ఒక మనిషి కదిలింది. ఖాసింబీ. కబురు ఎవరు చెప్పారో, ఎంతసేపటినుంచి అక్కడ నిలబడి ఉందో తెలియదు. మనుషుల్ని తోసుకుంటూ వచ్చి, రాళ్ళమీద చతికిలబడి, ఆమె చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అక్కా, నేను. లెయ్."

కొడుకు పక్కకు జరిగి చోటిచ్చాడు.

"లెయ్ అక్కా. నేను అన్ని మాటలు అంటిని, ఒగటికీ బదులు చెప్పకపోతివి. ఇప్పుడు చెప్పు. తిట్టు నన్ను. ఒక్క మాటన్నా తిట్టక్కా."

బిగ్గరగా అంటోంది. కాఫీ హోటలు దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఖాసింబీ ముఖం ఆమె ముఖం మీదికి వంచి, నిజంగానే బదులు కోసం చూస్తున్నట్టు, చెవి ఆమె నోటికి ఆనించి ఉండిపోయింది.

పొద్దు వాలుతోంది. పాడె ఎత్తమని మాలో ఎవరూ అనలేదు.